పేరు చెప్పని మందు

సిరుగుప్పలో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. చివరగా వచ్చే పాఠం సెమీకండక్టర్లు. డోపింగ్ అనే మాట అందులోదే. శుద్ధమైన సిలికాన్ కరెంటును దాదాపు పోనివ్వదు. కోటి సిలికాన్ పరమాణువుల మధ్య ఒక్క భాస్వరం పరమాణువును చేరిస్తే చాలు, అది వేరే వస్తువైపోతుంది. చేతిలో ఫోను, కండక్టరు టికెట్టు కొట్టే మిషను, అన్నీ ఆ చిటికెడు మలినం మీదే నడుస్తున్నాయి. ఆ మలినాన్ని పిల్లల ముందు పొగడవలసి వచ్చిన ప్రతిసారీ నాకు మనసొప్పేది కాదు. మాది కల్తీని మెచ్చుకునే వంశం కాదు.

కెంచనగుడ్డలో నది ఒడ్డున మాకున్న ఇల్లు, మాగాణి తాత కాలంలోనే కోర్టుల పాలయ్యాయి. మిగిలింది సిరుగుప్పలో మూడు గదుల ఇల్లు, మా అమ్మ, ఇంటి పద్ధతులు. తమ్ముడు పోయాక వాడి కూతురు నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు బళ్ళారిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ నాలుగు వందల మీటర్ల పరుగులో యూనివర్సిటీ జట్టుకు ఎంపికయింది. డోపింగ్ అనే మాటకు ఉన్న రెండో అర్థం, ఆటగాళ్ళు చాటుగా వాడే మందులది, ఆ పిల్లతో పాటే మా గడప దాటి లోపలికి వచ్చింది.

మొదట నా అనుమానం కోచ్ మీదకు పోయింది. బళ్ళారి మనిషి, వయసులో చిన్నవాడు, ఎప్పుడూ నవ్వు మొహం. ఒక ఆదివారం పెద్ద ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను మూత తీసి వాసన చూశాను.

"పాలపొడి మాదిరిదే సార్. ప్రోటీను."

"తెల్లగా ఉండేవన్నీ పాలు కావప్పా. ఇచ్చేదానికి నీకేం లాభం?"

"పాప గెలిస్తే నాకు పేరొస్తాది సార్. అదే లాభం."

"మా ఇంటి పిల్లతో నీకు పేరెందుకు? తీసుకొని పో."

అతను నవ్వడం ఆపి డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిల్ల నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. హాస్టల్లో తోటి పిల్లలు ఏం తాగిస్తున్నారో, గ్రౌండ్ దగ్గర రసం అమ్మేవాడు గ్లాసులో ఏం కలుపుతున్నాడో అని నా ఆలోచనలు నావి. ఇంటికి వచ్చిన ప్రతిసారీ పిల్ల సంచి తడిమి చూసేవాణ్ణి.

పోటీలకు పది రోజులున్నాయనగా పిల్లలందరినీ కూర్చోబెట్టి ఎవరో డాక్టరమ్మ డోపింగ్ గురించి క్లాసు చెప్పిందట. ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి పోయింది. గూట్లో డబ్బాలన్నీ ఒక్కొక్కటే దించి మూతలు తీసి చూస్తోంది.

"ఏంది వెతుకుతాండావు?" అన్నాను.

"మన ఒంట్లో ఏం దొరికినా దానికి మనమే జవాబంట పెద్దనాయనా. ఎవరిచ్చినారు, తెలిసి తింటిమా తెలియక తింటిమా, అవేవీ లెక్కలోకి రావంట." అంటూనే ఒక చిన్న గాజు సీసా తీసి మా అమ్మ ముందు పెట్టింది. "అవ్వా, పిక్కలు నొప్పి అంటే తేనెలో కలిపి నాకిచ్చింది ఇదే కదా? దీంట్లో ఏముండాది?"

మా అమ్మ గబుక్కున చెవులు మూసుకుంది. "పేరు అడగొద్దే. పేరు చెప్తే మందు పారదు."

ఆ పొడి తెక్కలకోట వైద్యుల ఇంటిది. మా తాత రోజుల నుంచి వాళ్ళే మాకు మందిస్తున్నారు. ఇచ్చేవాళ్ళు పేరు చెప్పరు, తీసుకునేవాళ్ళు అడగరు. మేము డబ్బూ ఇవ్వము. కోతలయ్యాక ఒక బస్తా వడ్లు పంపుతాము. పొలం లేకపోయినా నేను సిరుగుప్ప మార్కెట్లో కొని, మా పంటే అన్నట్టు పంపుతూ వచ్చాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులకు ఆ పొడే ఆధారం. వేసుకున్న మర్నాడే లేచి తిరిగేది. ఈ మధ్య ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఒంటికి పట్టిందనుకుని సంతోషించాము.

"వాళ్ళను అనుమానించేది మన మర్యాద కాదు," అన్నాను.

"కోచ్ సార్ డబ్బా మూత తీసి వాసన చూస్తిరి కదా. ఇదెందుకు చూడరు?"

ఆ పూట పిల్ల మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బయటికి పోయి సీల్ ఉన్న బాటిల్ కొనుక్కుంది. వచ్చినవాళ్ళు అన్నం తినకుండా పోని ఇల్లు మాది. అలాంటి ఇంట్లో ఇంటి పిల్లే మూతలు తీసి అనుమానిస్తుంటే నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని తెక్కలకోట బస్సెక్కాను.

పాత వైద్యుడు పోయి చాలా కాలమైంది. అతని మనవడు వరండాలో కూర్చుని పొట్లాలు కడుతున్నాడు. చుట్టూ నాట్లకు వంగి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. నన్ను చూసి అతను లేచి కుర్చీ తెప్పించి తుడిపించాడు.

"అమ్మగారికి పొడి అయిపాయనా సామీ?"

"అయిపోలేదు. అందులో ఏం వేస్తాండావో చెప్పు."

"మీకు తెలియనిదా సామీ? పేరు చెప్తే..."

"చెప్పు."

అతను తల వంచుకున్నాడు. నేను కుర్చీ పక్కకు చూశాను. మందు నూరే కల్వం వెనక గంపలో వేర్లూ బెరళ్ళూ కాదు, ఖాళీ మాత్రల రేకులు కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. వాపులకు డాక్టర్లు ఆచితూచి ఇచ్చే స్టెరాయిడ్ అది.

"వేర్లతో నెల పడతాది సామీ," అన్నాడు మెల్లగా. "జనం రేపటికే తగ్గాల అంటారు. తగ్గకుంటే ఇంకో అంగడికి పోతారు. నేనేం చేసేది?"

"ఎంత కలుపుతావు?"

"కొలతేముండాది సామీ, చేతి అందాజు." ఒక క్షణం ఆగి, నాకు ఊరట కలిగించాలని కాబోలు, అన్నాడు. "మీ ఇంటికి మాత్రం ఎప్పుడూ ఒక చిటికెడు ఎక్కువే వేస్తా. పెద్దింటివాళ్ళు కదా."

ఆ మర్యాదకు నాకు కోపం కూడా రాలేదు. సిలికాన్‌లో పరమాణువులు చేర్చేవాడికి ఏం చేరుస్తున్నాడో, ఎంత చేరుస్తున్నాడో లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పితే ముక్కను అవతల పారేస్తాడు. ఇక్కడ మా గౌరవాన్ని బట్టి మోతాదు పెరిగింది. రేకు జేబులో వేసుకుని తిరుగు బస్సెక్కాను.

అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఆమె ముఖం ఉబ్బింది ఆ మందు వల్లేనని, పొడి ఒక్కసారిగా ఆపకూడదని, మెల్లమెల్లగా తగ్గించాలని మాత్రలు రాసిచ్చాడు. పిల్ల సంగతి అడిగితే, పోటీ నాటికి ఒంట్లోంచి పోతుందని తాను పూచీ పడలేనన్నాడు.

"కాలు నొప్పి అని చెప్పి మానుకో," అన్నాను రాత్రి భోజనం దగ్గర. "తెక్కలకోట మాట మన నోట రానక్కర్లేదు. ఊళ్ళో ఏమనుకుంటారు?"

"పరీక్షకు భయపడి పారిపోయింది అనుకుంటారు. ఆ కాలు నొప్పిని ఎవరు నమ్ముతారు? పెద్దనాయనా, ఆ పోయే పేరు మీది కాదు, నాది."

మర్నాడు బళ్ళారి గ్రౌండ్‌కు ఇద్దరం పోయాము. కోచ్ నన్ను దూరం నుంచే చూసి చేతులు కట్టుకున్నాడు. పిల్ల అంతా చెప్పింది. సాక్ష్యంగా రేకు నేను ఇవ్వవలసి వచ్చింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు. నా వంక ఒక్కసారి చూశాడు.

"నా డబ్బా వాపసు చేస్తిరి సార్," అన్నాడు. అంతకు మించి ఎగతాళి చేయలేదు. నేను ఎదురుచూసినంత కూడా చేయలేదు. అందుకే ఇతనికి ఇందులో ఏదో లాభముందని నా అనుమానం ఇంకా మిగిలే ఉంది. అతనే మళ్ళీ అన్నాడు: "ఏమీ చెప్పకుండా సుమ్నే పరిగెత్తించి దొరికిపోతే పాపకు ఏళ్ళ తరబడి గేటు మూసేస్తారు. ఈసారి వద్దు. జరిగింది జరిగినట్టు నేనే డాక్టరమ్మకు చెప్తా. మీరు సాక్షిగా రండి."

వెళ్ళాను. మా ఇంటి మందు గురించి పరాయివాళ్ళ ముందు నిలబడి చెప్పాను. డాక్టరమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు.

పోటీ రోజున పిల్ల మామూలు బట్టల్లో గ్యాలరీలో నా పక్కన కూర్చుంది. వెనక వరసలో ఎవరో ఆమెను చూపించి ఏదో గుసగుసలాడారు. నేను వెనక్కి తిరిగి చూడగానే ఆపారు. నాలుగు వందల మీటర్లలో ధార్వాడ వైపు పిల్ల ఒకతె గెలిచింది. ఆమె తీసుకున్న టైము మా పిల్ల ప్రాక్టీసులో పరిగెత్తిన దానికంటే ఎక్కువే. నేను ముందుకు వంగి ఆ గెలిచిన పిల్ల భుజాలు, మెడ, ముఖం పరీక్షగా చూస్తున్నాను. ముఖం కొంచెం గుండ్రంగా ఉన్నట్టు తోచింది.

"అట్ల చూడొద్దు పెద్దనాయనా," అంది మా పిల్ల. "వాళ్ళింట్లో కూడా ఒక అవ్వ ఉంటాది."

అప్పుడు నేను ఆ పిల్ల ముఖం చూడడం మానేశాను. ఆమెకు నీళ్ళ బాటిల్ అందిస్తున్న చెయ్యి ఎవరిదో చూడసాగాను.