ముందు మోచేతినడుగు

నా చిన్నప్పుడు, ఎస్సెల్సీ చదివే ఏడాది, నా మొహం మీద మొలిచినన్ని మొటిమలు విశాఖ, శ్రీకాకుళం జిల్లాలు రెండూ కలిపినా ఉండేవి కావు. ముక్కు కొసన ఉన్నదాని మీద ఎండ పడ్డాకే కొత్తవలసలో తెల్లవారేది.

అదైనా ఓర్చుకునేవాణ్ణే. కానీ ఆ శనివారం మా క్లాసుకి గ్రూపు ఫొటో. విజయనగరం నుంచి ఫొటోగ్రాఫరు నల్లగుడ్డా, మూడుకాళ్ళ కెమెరా పట్టుకుని వస్తాడట. ఆ ఫొటోకి అద్దం కట్టించి హెడ్మాస్టరు గారి గదిలో తగిలిస్తారట. ఇక నా మొటిమలు ఊరున్నంత కాలమూ ఉంటాయి. ఆ బెంగతో నాకు అన్నం సయించలేదు. అంటే, మూడోసారి వడ్డించుకోవడం మానేశాను.

సరిగ్గా అప్పుడే, కొండల వైపు కొత్తగా పడిన రైలుమార్గంలో గూడ్సు గార్డుగా పనిచేసే మా మావయ్య, అటునుంచి సీసాడు నిమ్మగడ్డి నూనె తెచ్చాడు. గడ్డిని ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసే నూనె అది. మూత తీస్తే ఆ ఘాటుకి వీధి కుక్కలు దారి మార్చుకున్నాయి. స్టేషన్లో ఇంజను తుమ్మింది. దీని దెబ్బకి ఎలాంటి మొటిమైనా పారిపోవాల్సిందేనని సెలవిచ్చి మావయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎంత రాయాలో చెప్పలేదు. ఎంత ఎక్కువైతే అంత మంచిదని నేనే తేల్చుకున్నాను.

పెరట్లో అద్దం ముందు నిలబడి అరచేతి నిండా వంపుకోబోతున్నాను. గోడ అవతల పక్కింటి అక్క బట్టలు ఆరేస్తోంది. ఆదివారాలు చర్చిలో పాటలు పాడే గొంతు ఆమెది. ఆ గొంతుతో ఆమె పిలిచేసరికి నా చేతిలో సీసా ఆగిపోయింది.

"ఒరే, ఏటి సేస్తన్నావు? మొగానికి నూనె రాస్తన్నావా, తలుపుకి వార్నీషా?"

"శనివారం ఫొటో అక్కా!"

"అయితే మరీ ఆగు. మొగం ఒకటే ఉన్నాది. మోసేతులు రెండున్నాయి. ముందు ఆటినడుగు."

వాళ్ళింట్లో అదో పద్ధతి. కొత్త నూనె ఏది వచ్చినా కొబ్బరినూనెలో ఒక్క చుక్క కలిపి, మోచేతి మడతలో రాసి, మర్నాటిదాకా చూసేవారు. అక్క గోడ మీంచి గరిటెడు కొబ్బరినూనె అందించి, అలా కలిపినదాన్ని నా కుడిచేతి మడతలో రాయించింది. నా మొహంలో అపనమ్మకం చూసిందేమో, "నీ ముచ్చట కూడా తీర్సుకో" అని, అగ్గిపుల్ల కొసతో అచ్చమైన నూనె ఎడమచేతికి అంటించనిచ్చింది.

సాయంత్రానికి నా ఎడమచేతిలో కమ్మరి కొలిమి రాజుకుంది. తెల్లారేసరికి మడతంతా ఎర్రగా పొంగింది. చూసినవాళ్ళు అర్ధరూపాయి బిళ్ళంత అన్నారు గానీ, నా కొలతలో అది పూరీయే. కుడిచేయి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంది. అక్క తడిగుడ్డ వేస్తూ, 'చెప్పానా' అనలేదు. "ఇదే బుగ్గమీదైతే ఏటైపోదువురా తమ్ముడూ" అని మాత్రం అంది. ఆ జాలికి నాకు మంట కంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

శనివారం నా మొటిమలన్నీ హాజరు వేయించుకుని మరీ ఫొటోలో నిలబడ్డాయి. ఆ తరవాత అక్క కలిపిచ్చిన పల్చటి నూనెను దూదితో అద్దుకుంటూ ఉంటే మెల్లమెల్లగా తగ్గాయి. నూనె మహిమో, వయసు మహిమో ఇప్పటికీ తెలీదు.

ఆ ఫొటో నా దగ్గరా ఒకటుంది. క్లాసంతా అందులో ఇరుక్కోవడంతో ఒక్కొక్కడి మొహం మెంతిగింజంత. ఒక్క మొటిమా కనబడదు! అందరూ బుద్ధిగా చేతులు కట్టుకున్నారు. నేనొక్కణ్ణే ఎడమచేయి మడవలేక, కర్రలా చాపి నిలబడ్డాను. మా పిల్లలు ఇప్పటికీ ఆ చేతిని చూసి నవ్వుతారు.

నవ్వనీ. కొత్త మందైనా, కొత్త కోపమైనా, ఒకరి మీద కొత్తగా విన్న మాటైనా, ఒక్క చుక్క పక్కన రాసి మర్నాటిదాకా ఆగడం ఆ చేతి నుంచే నేర్చుకున్నాను. మొహం ఇప్పటికీ ఒకటే ఉంది మరి.