గాలి తిరగని తుఫాను

మాది బందరు పక్కన. తుఫాను గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదని మహా పొగరుగా ఉండేదాన్ని. అమెరికా వచ్చాక పిస్కాటవేలో మొదటిసారి హరికేన్ వచ్చినప్పుడు మా ఆయన కంగారుపడుతుంటే "దీనికే ఇంత హడావుడా?" అని ఎగతాళి చేశాను. అది సెప్టెంబరు. వెచ్చటి సముద్రం మీద బలిసి వచ్చిన గాలి, మా బంగాళాఖాతం తుఫానుకు సొంత చెల్లెలే. రెండు రోజులు కరెంటు లేదు. కిటికీలన్నీ తెరిచి, పెరట్లో బొగ్గుల గ్రిల్ మీద పప్పు వండాను.

తర్వాత ఫిబ్రవరిలో నారీస్టర్ అనే మంచు తుఫాను వస్తోందన్నారు. ఇదీ తుఫానేగా అన్నాను.

"నో అమ్మా, ఇది డిఫరెంట్. కోల్డ్ ఎయిర్, వార్మ్ ఎయిర్ ఫైట్ చేస్తే వస్తుంది" అంది మా తొమ్మిదేళ్ల అమ్మాయి. ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి ఆ పేరట. నడిమధ్యలో గాలి ఆగిపోయే కన్ను హరికేన్‌కే తప్ప దీనికి ఉండదట. వేలెడంత లేవు, నాకు చెప్పొచ్చావా అని నవ్వేశాను.

పొద్దున ఎనిమిదింటికి మొదలైంది. మంచు అడ్డంగా కొడుతోంది. పదింటికి కరెంటు పోయి హీటర్ ఆగింది. నాకు మా అమ్మ పద్ధతి గుర్తొచ్చింది. పాత చీరలు చింపి తలుపు సందుల్లో, కిటికీ అంచుల్లో కుక్కాను. గ్రిల్‌కి తెచ్చిన బొగ్గులు ఇనప మూకుట్లో రాజేసి హాల్లో పెట్టాను. మా అమ్మ కుంపటి పొగ పెంకుల సందుల్లోంచి పోయేదన్న ఆలోచనే తట్టలేదు. పొగనీ విషగాలినీ పసిగట్టే అలారం ఉంది కానీ, తాళింపు వేసినప్పుడల్లా కూస్తోందని బ్యాటరీ నేనే పీకేశాను. మనవాళ్లలో పీకని ఇల్లేది?

"కన్ను దాటి గాలి ఎదురు తిరిగేదాకా తలుపు తీయొద్దు" అని ఆర్డరేశాను. మా వైపు గాలి ఆగిందని బయటికెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మధ్యాహ్నమైంది. గాలి ఆగలేదు, తిరగలేదు. అదే దిక్కు, అదే ఊళ, ఎవరో గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నట్టు. కిటికీల నిండా మంచు పట్టి బయట ఏమీ కనబడటం లేదు. లోపల మాత్రం ఏదో వింత హాయి. మా ఆయన మాట్లాడటం మానేశాడు. అమ్మాయి తలనొప్పని సోఫాలో పడుకుంది. దాని బుగ్గలు ఎర్రబడితే వెచ్చగా ఉందని మురిసిపోయాను. గాలి తిరుగుతుందేమోనని చెవులు రిక్కించి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

"అమ్మా, డోర్ దగ్గర ఎవరు?" అంది అది కళ్లు తెరవకుండానే.

తలుపు దగ్గర ఎవరూ లేరు. లేపబోతే దాని మెడ వాలిపోయింది. కేక వేశాను. మా ఆయన లేవబోయి మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను లేస్తే గది గిర్రున తిరిగింది. అప్పుడు చూశాను బొగ్గుల వైపు. ఛీ, పాపిష్టిదాన్ని, నా బిడ్డను నేనే చంపుకుంటున్నాను!

చీరలు పీకి తలుపు లాగి, పిల్లను ఈడ్చుకుంటూ వెళ్లి మంచులో పడ్డాను. వెనకే పాకుతూ వచ్చిన ఆయన అంబులెన్సు కోసం 911కి ఫోన్ చేస్తున్నాడు. నేను దాని చెంపలు వాయిస్తూనే ఉన్నాను. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను.

"స్టాప్ అమ్మా, చలేస్తోంది. లోపలికి వెళ్దాం" అని ఏడ్చింది.

వేయనీ తల్లీ అన్నాను. ఏడు. ఇంకా గట్టిగా ఏడు.