పేడనీళ్ల మొక్క

ముసలయ్యకు నలభై ఏళ్లు కూడా లేవు. పుట్టినప్పుడే తాత పేరు పెట్టేశారు, దానికి ఆయనేం చేస్తాడు పాపం. చండ్రుగొండ అవతలి అడవి పల్లె నుంచి వచ్చి ఖమ్మం మునిసిపాలిటీలో రోజుకూలీగా మొక్కలకు నీళ్లు పోసేవాడు. 2006 వానాకాలంలో బైపాస్ పక్కన అరవై వేప మొక్కలు నాటించి, సూపర్‌వైజర్ ప్రభాకర్ ఒక్కటే మాట చెప్పాడు.

"దసరా దాకా ఇవి బతికితే నీకు పని ఉంటది. లేకుంటే మూటాముల్లె సర్దుకో."

చుట్టూ కట్టిన వెదురు తడకలు పది రోజుల్లో ఎవరెవరి పొయ్యిల్లోకో పోయాయి. ఇక మేకలు. ఖమ్మం మేకలంటే మాటలా? లారీ హారన్ కొట్టినా పక్కకు జరగవు. ముసలయ్య మాత్రం కంగారు పడలేదు. వాళ్ల ఊళ్లో అందరూ చేసేదే చేశాడు. పేడ పలచగా కలిపి, చీపురుతో ప్రతి మొక్క మీదా చిలకరించాడు. వానకు కడుక్కుపోతే మళ్లీ చిలకరించాడు. మేకలు వచ్చేవి, వాసన చూసేవి, మొహం తిప్పుకుని పోయేవి. రెండు నెలల్లో మొక్కలు నడుమెత్తు పెరిగితే ముసలయ్య మురిసిపోయాడు.

దసరా ముందు మునిసిపల్ ఆఫీసు నుంచి పెద్దసారు మొక్కలు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ప్రభాకర్ స్కూటర్ దిగి ముక్కు మూసుకున్నాడు.

"ఏంది ముసలయ్యా గిది? సార్ గీ వాసనకు జీపు దిగుతడా? అన్నీ కడుగు."

"కడిగితే మేకలు తింటయి సార్."

"ఒక్క పూటల ఏం తింటయి? జల్దీ కడుగు."

ఒక్క పూటలో మేక ఏం తింటుందో తెలియనివాడు మొక్కలకు సూపర్‌వైజర్! ముసలయ్య లోలోపల తిట్టుకుంటూ ట్యాంకర్ పైపు పట్టుకుని యాభై తొమ్మిది కడిగాడు. చివరిదానికి చెయ్యి రాలేదు. ట్యాంకర్లో నీళ్లున్నా, అయిపోయాయన్నాడు.

తెల్లారి పెద్దసారు వచ్చేసరికి రోడ్డు పక్కన యాభై తొమ్మిది పుల్లలు, ఒక్క మొక్క. మేకలు తాపీగా పడుకుని నెమరేస్తున్నాయి. ముసలయ్యకు ఏడుపొచ్చింది. పని పోతే పోయింది, పిల్లల్లా సాకిన మొక్కలవి.

సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆ మొక్క దగ్గర నిలబడ్డాడు.

"ఇదొక్కటే ఎట్లా బతికింది?"

"పేడనీళ్లు కొట్టిన సార్. మేక ముట్టదు."

"మరి మిగతావాటికి?"

"వాటికి గూడ కొట్టిన. నిన్న కడిగిన."

"ఎందుకు కడిగావు?"

ప్రభాకర్ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ముసలయ్య ఆయన వైపు ఒకసారి చూశాడు.

"మీరొస్తున్నరని కడిగినం సార్."

సారు వంగి పక్కనున్న పుల్లను వేలితో తాకి చూశాడు. "ఈ పుల్లలు మళ్లీ చిగురిస్తాయా?"

"చిగురిస్తయి సార్. మీరు రాకుంటే."

సారు గతుక్కుమన్నాడు. తర్వాత కడుపుబ్బ నవ్వాడు. "సరే, నేను రాను. ఈయన్ని మాత్రం ఇక్కడి నుంచి కదిలించకండి" అని ప్రభాకర్‌కు చెప్పి జీపెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ప్రభాకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కూటర్ మీద బకెట్ పెట్టుకుని వచ్చాడు.

"పేడ తెచ్చిన ముసలయ్యా. దేంతోటి కలుపుడు?"

ముసలయ్య పక్కనున్న, తాను రోజూ పేడ కలిపే కర్రను చూశాడు. ఆ ఇస్త్రీ చొక్కాను చూశాడు.

"చేత్తోనే కలపాలె సార్" అన్నాడు.