మామ చూడని క్లైమాక్సులు

ఇందులో రాసినదంతా నిజం. ఒక్క ముక్క కూడా కల్పించలేదు. మా ఇంటి దేవుడి మీద ఒట్టు, నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు, నాకు అన్నం పెడుతున్న సూదుల పెట్టె మీద ఒట్టు. ఇంత గట్టిగా ఎందుకంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ నా మాటకు పూచికపుల్లంత విలువ లేదు. పుంగనూరులో ఒకసారి వాన పడుతోందని అన్నాను. ఎదురుగా తడుస్తూ నిలబడినవాడు కూడా తల ఎత్తి చూసి, అవునో కాదో తేల్చుకున్నాడు.

నా పని టైలర్లకు సూదులు, దారం, జిప్పులు, మిషన్ నూనె వేయడం. వారంలో సగం బస్సుల్లోనే గడుస్తుంది. శుక్రవారం మాత్రం ఏం మునిగిపోయినా మదనపల్లెలో ఉంటాను. కొత్త సినిమా, మాట్నీ.

ముగ్గురం వెళ్లేవాళ్లం. బస్టాండు దగ్గర కొట్టు ఉన్న టైలర్ భాయ్ ఒకడు. రెండో ఆయన తంబళ్లపల్లె అవతల వేరుశనగ, టమాటా పండించే రైతు. వయసులో నాకన్నా బాగా పెద్ద. చుట్టరికం ఏమీ లేదు; మామా మామా అని పిలవగా మామ అయ్యాడు. పొద్దున మార్కెట్ యార్డులో టమాటా అమ్ముకుని, మధ్యాహ్నం మాతో సినిమాకు వచ్చేవాడు. అయితే ఆయన పల్లెకు వెళ్లే ఆఖరి బస్సు సినిమా వదిలేదాకా ఆగదు. క్లైమాక్స్ మొదలయ్యేసరికి మామ కండువా దులుపుకుని లేచిపోయేవాడు. హీరో కొండ అంచున వేలాడుతున్నా సరే, హీరోయిన్ మెడ మీద కత్తి ఉన్నా సరే. మిగతాది మరుసటి శుక్రవారం భాయ్ కొట్లో నేను చెప్పాలి. అందుకే మా దగ్గర ప్రతి సినిమాకూ తీర్పు ఒక వారం ఆలస్యంగా వెలువడేది.

ఆ తీర్పులు వినాలి మీరు.

"ఏం సినిమాప్పా అది?" అని మొదలుపెట్టేవాడు మామ. "నడి ఎండాకాలంలో శెనిక్కాయ పీకతాండాడు హీరో. మా బోర్లో బురద కూడా రాకుంటే వాడి బోర్లో నీళ్లు జివ్వున ఎగస్తాండాయి. ఆ డైరెక్టరు యా ఊరోడో కనుక్కోండి, మాకూ ఒక పాయింటు సూపిస్తాడు."

భాయ్ మిషన్ ఆపేవాడు కాదు. "నక్కో మామా, బోరు ఇడిసిపెట్టు. చొక్కా సూసినావా? ఫైటుకు ముందు పొడుగు చేతులు, ఫైటు అయినాక పొట్టి చేతులు. నడిమధ్యలో యా టైలరొచ్చి కత్తిరించినాడంటావు? అంత స్పీడు నాకుంటే పండగకు నిద్ర మానుకోవాల్సిన పని లేదు గదా."

"సరే గానీ, కడాకు ఏమాయె? సెప్పు అల్లుడా."

అప్పుడు నేను చెప్పేవాణ్ని. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే మొదటిసారి నోరు తెరిచాను. ఆ సినిమాలో హీరోయిన్ చచ్చిపోతుంది. మామ ముఖం చూశాక నోరు దానంతట అదే పక్కకు తిరిగింది. టమాటా లారీ ఒకటి అటుగా వచ్చినట్టూ, డ్రైవరు ఆ పిల్లను ఆసుపత్రిలో చేర్చినట్టూ చెప్పాను. పక్కనే కూర్చుని ఆ సినిమా ఆఖరిదాకా చూసిన భాయ్ తల ఎత్తలేదు. పెదాల మధ్య సూది పట్టుకుని నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను.

మామకు ఆ క్లైమాక్స్ ఎంతో నచ్చింది. "బతికిచ్చినారా, మంచి పని చేసినారు. సచ్చిపోయిందని చెప్తే మీ అత్త రెండు దినాలు కూడు తినదు" అన్నాడు.

అత్త అంటే ఆయన భార్య. పాడి ఆవులను వదిలి రాలేదు, మోకాళ్లు సహకరించవు. ఆమె థియేటరుకు రాదు. శుక్రవారం రాత్రి వాకిట్లో కాయలు ఒలుచుకుంటూ మామ ఆమెకు సినిమా అంతా చెప్పేవాడు. క్లైమాక్స్ వారం తర్వాత అందేది. మా ముగ్గురితోపాటు ఆమె నాలుగో విమర్శకురాలు. ఆమె అభిప్రాయం మామ మోసుకొచ్చేవాడు: "మీ అత్త అడగమనింది. అంతమందిని నరికినాడు గదా, మరి వాడి చెల్లెలి గతేమాయె?" చెల్లెలి సంగతి నాకు గుర్తే లేదు. సినిమా తీసినవాళ్లకూ లేదనుకుంటాను. ఆ వారమే ఆ చెల్లెలికి ఒక మంచి సంబంధం చూసి పెళ్లి చేసేశాను. ఆ తర్వాత ప్రతి సినిమాలోనూ చివర్లో ఎవరూ దిక్కులేకుండా మిగిలిపోకుండా చూసుకోవడం నా బాధ్యత అయింది.

ఇట్లా ఏళ్లు గడిచాయి.

ఈ మధ్య అత్తకు కడుపునొప్పి మొదలైంది. మదనపల్లెలో చూపించారు, పరీక్షలు చేయించారు. ఆమె అక్క కూతురు శాంతిపురంలో ఉండడంతో కుప్పంలో పెద్దాసుపత్రిలో చేర్చారు. పేగులో పుండు, మందులకు మానిపోతుందని ఆమెతో చెప్పారు. మామకు వేరే మాట చెప్పారు. ఆ వేరే మాట భాయ్ కొట్లో నాకు చెబుతూ మామ కండువాను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు రంజాన్ నెల. భాయ్ సినిమాలకు రాడు. పైగా కొట్టు నిండా గుడ్డలు. మామ ఊళ్లో ఆవులను ఎవరికో అప్పజెప్పి, అత్త చీరలు సంచిలో పెట్టుకుని కుప్పం బస్సు కోసం వచ్చాడు. శుక్రవారం.

"సినిమా సూసే రమ్మనింది మీ అత్త" అన్నాడు. "ఊరికే మంచం పక్కన కూసుని నా మొగం సూస్తాంటే ఏం లాభం, ఏందన్నా కథ తీసకరా అనింది."

ఇద్దరం వెళ్లాం. హీరో వాళ్లమ్మ తిరునాళ్లకు బయలుదేరి, తప్పు రైలెక్కి ఎటో వెళ్లిపోతుంది. కొడుకు ఊరూరా వెతుకుతాడు. చివరకు ఏదో పెద్ద స్టేషన్లో ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తుకుంటూ వస్తాడు. సరిగ్గా అక్కడ మామ లేచాడు. చీకట్లో మెట్లు కనబడక తడబడుతుంటే చేతిలో సంచి అందుకుని నేనూ బయటికి వచ్చాను. ఆయనను కుప్పం బస్సు ఎక్కించాను. ఆ సినిమా క్లైమాక్స్ మా ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

ఆదివారం మామ నంబరు నుంచి ఫోను. మాట్లాడింది అత్త.

"అల్లుడా, మీ మామ కాఫీకి పొయినాడు, బిరీన విను. నువ్వు అల్లి పంపిచ్చే కథలన్నీ నాకు తెలుసప్పా."

"ఏం కథలత్తా?"

"మా ఇంట్లో టీవీ లేదనుకుంటివా? నాలుగు నెల్లకంతా ఆ సినిమాలన్నీ దాంట్లో వచ్చేస్తాయి. మీ మామ గురక పెడతాంటే నేను కడాదాకా సూస్తా. నువ్వు టమాటా లారీ ఎక్కిచ్చి బతికిచ్చిన పిల్ల ఆడ బాయిలో పడి సచ్చింటాది."

టీవీవాళ్లు కత్తిరించి మార్చేసి ఉంటారని అన్నాను. 

"కోపం లేదులే. నువ్వు సెప్పిందే బాగుంటాది. మీ మామతో అనొద్దు, పాపం, నమ్మినాడు." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఈసారికి మాత్రం అల్లొద్దప్పా. ఆ రైలెక్కినామె ఇంటికొస్తాదా, రాదా? ఉండేది ఉండేట్టు సెప్పు. అది టీవీలోకి వచ్చేదాకా నేను ఉండను. ఈడ డాక్టరు కాడ్నించి మీ మామ దాకా అందరూ నాకు కథలే సెప్తాండారు. ఒకడన్నా నిజం సెప్పండి."

చూసి, నేనే కుప్పం వచ్చి చెబుతానన్నాను.

ఫోనులో వెతికాను. ఆ సినిమా గురించి మాట్లాడిన ప్రతివాడూ క్లైమాక్స్ మాత్రం థియేటర్లోనే చూడండి అనేవాడే. జనం రాక మదనపల్లెలో సోమవారానికే సినిమా మార్చేశారు. పుంగనూరులో ఇంకా ఆడుతోంది. సూదుల సంచితోనే వెళ్లి మాట్నీలో కూర్చున్నాను. ఆ అమ్మ రాదనే నా మనసు చెప్పింది. రాదని ఆ మంచం పక్కన నిలబడి ఏ నోటితో చెప్పాలా అని మొదటి నుంచీ అదే ఆలోచన.

హీరో ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. రైలు ఆగింది. జనమంతా దిగిపోయారు, ప్లాట్‌ఫాం ఖాళీ అయింది. అప్పుడు చివరి పెట్టెలోంచి, కమ్మీ పట్టుకుని, ఆమె దిగింది. కొడుకు ముఖం తడిమి, ఇంటికి పోదాం పద అంది. నేను ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను.

బయట బండ్లు తీసుకుంటూ జనం తీర్పులు ఇస్తున్నారు.

"కడాకు సప్పగా తేల్చేసినాడు."

"అమ్మ సచ్చింటే ఉండాది సూడు, సినిమా యాభై దినాలు ఆడేది!"

"యాల సావాలప్పా?" అని ఆ రెండోవాడి బండికి అడ్డంగా నిలబడ్డాను. "మీ అమ్మ రైలు దిగొస్తే సప్పగుండాదని ఎనక్కి పంపిస్తావా?"

"ఏమన్నా, డైరెక్టరు నీకు తమ్ముడా?" అని నవ్వి, పక్క నుంచి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

కుప్పం బస్సులో కూర్చున్నాక పలమనేరు దాకా సంతోషం పట్టలేకపోయాను. అక్కడ బస్సు ఆగినప్పుడు బుర్రలో ఏదో తట్టింది. ఇది అచ్చం నేను అల్లే క్లైమాక్సే. అబద్ధం చెప్పాల్సి వచ్చినా ఇదే చెప్పేవాణ్ని. మరి నిజమని ఎట్లా నమ్మించడం? టిక్కెట్టు చూపిస్తే సినిమాకు వెళ్లానని తెలుస్తుంది, అంతే. కాస్త చేదు కలుపుదామా అనిపించింది: అమ్మ వచ్చింది కానీ ఒక కాలు పోయింది, అట్లా ఏదైనా. నిజం నిజంలా కనబడాలంటే కొంచెం అబద్ధం పొయ్యాలేమో. కానీ అల్లొద్దని ఆమె అడిగింది. శాంతిపురం దాటేదాకా ఒక్కటే మాటను పది రకాలుగా అని చూసుకున్నాను.

వెళ్లేసరికి చీకటి పడింది. మంచం మీద అత్త చేతికర్రంత అయిపోయి ఉంది. మామ బత్తాయి వలుస్తున్నాడు.

"వచ్చినాడు సూడు నీ సినిమావోడు" అన్నాడు.

వేడినీళ్లు తెమ్మని మామను పంపించి, చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

"దిగేటప్పుడు యా చీర కట్టుకునుండాది?"

"ఆకుపచ్చదత్తా. తిరునాళ్లకు పోయేటప్పుడు కట్టిందే. బాగా మాసిపోయుండాది. కొంగు కాడ చినిగుండాది."

తడుముకోకుండా చెప్పాను. అత్త ముఖం తేటపడింది. "అట్లనా. వచ్చిందా" అంది. కళ్లు మూసుకుంది. మామ ఫ్లాస్కుతో వచ్చాక, ఆవు ఈనిందేమో ఊరికి ఫోన్ చేసి కనుక్కోమంది. ఇంటికి పోయినాక జున్ను చేస్తానంది. మరుసటి వారమే ఆమె పోయింది.

ఒట్టు వేసినవాణ్ని, దాన్ని దించుకునే పోవాలి. సినిమా నిజం. ఫోను నిజం. ఆమె చీర గురించి అడగడమూ నేను చెప్పడమూ నిజం. ఆమె నమ్మిందన్నది మాత్రం నేను కల్పించాను. ముఖం తేటపడలేదు. ఆవు మాట, జున్ను మాట ఆమె అనలేదు.

 నేను చెప్పడం అయ్యాక ఆమె నా చెయ్యి తీసుకుని మెల్లగా తట్టింది.

"బాగుండాదప్పా. నా కోసం ఇంత దూరం వచ్చి సెప్పినావు."

"నిజం అత్తా. నా పిల్లల మీద ఒట్టు. ఆమె వచ్చింది."

"పిల్లల మీద ఒట్టెయ్యొద్దప్పా" అంది. "నాకు తెలిసిందిలే."

గోడ వైపు తిరిగి పడుకుంది. మామ నీళ్లు తెచ్చేదాకా వచ్చింది, వచ్చింది అని చెబుతూనే ఉన్నాను. ఆమె ఇటు తిరగలేదు.