పద్నాలుగు నంబరు పానా

"సార్, మా నాయిన పోయిండు," అంది తాండూరు నుంచి ఫోన్ చేసిన అమ్మాయి. నాలుగు రోజులైందట. "ఆయన సంచిల ఒక పానా తక్కువున్నది, పద్నాలుగు నంబరుది. మీ బండిల ఉన్నదేమో జర చూడుర్రి." లేదమ్మా, అన్నీ తీసుకుపోయాడు అన్నాను. చూడకుండానే అన్నాను.

ఆమె తండ్రి మా మేస్త్రి. వికారాబాద్‌లో మా ఇంటి పక్క జాగాలో ఒక పాత పికప్ ఉంది. యాలాల్ రైతు ఒకాయన ఏళ్ల తరబడి గుల్బర్గాకు కందుల బస్తాలు మోయించి వదిలేస్తే నేను కొన్నాను. ఆదివారాలు కూర్చుని దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని నా పిచ్చి. మా ఆవిడ దానికి 'రెండో సంసారం' అని పేరు పెట్టింది.

మేస్త్రి జీవితమంతా తాండూరులో నాపరాళ్ల లారీలు బాగుచేసి, చూపు మందగించాక షెడ్డు మూసేశాడు. నా బండి సంగతి ఎవరో చెబితే చూడటానికి వచ్చి, ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దుటి రైలు దిగేవాడు. గోనెసంచిలో పానాలు, గుడ్డలో జొన్నరొట్టెలు. తుప్పు పట్టిన బోల్టు కదలకపోతే "బారప్పా, బారో" అని, రా నాయనా రా అని కన్నడంలో బతిమాలేవాడు. ఎందుకని అడిగితే, "ఇది గుల్బర్గా దిక్కు తిరిగిన బండి సారూ, తెలుగు ఇనదు," అనేవాడు. మసి బట్టలతో ఇంట్లోకి రానని బండి తొట్టిలోనే కూర్చుని రొట్టె తినేవాడు. నేను తొందరపడితే ఒకటే మాట: "జర ఆగు. బండి నీకంటె పెద్దది."

ఆయనకొక పద్ధతి ఉండేది. పని పూర్తికాని బండి దగ్గర ఒక పానా వదిలి వెళ్లేవాడు, డ్రైవర్ సీటు కింద, నూనె గుడ్డలో చుట్టి. అది ఉన్నంతవరకు ఆ బండి ఆయనదే. ఇంకో చెయ్యి పడకూడదు.

పడనిచ్చాను. ఆఫీసువాళ్లను శనివారం కోట్‌పల్లి చెరువుకు ఈ బండిలోనే తీసుకుపోతానని గొప్పలు పోయాను. డీజిల్ పంపు ఆదివారం చూస్తానని మేస్త్రి అప్పటికే చెప్పాడు. ఆగలేక శుక్రవారం ఇంకో మెకానిక్‌ను పిలిచాను. అతను సైజు చూడకుండా పెద్ద పానా పెట్టి గుంజాడు. బండి కోట్‌పల్లి దాకా పోయి, పొగ కక్కుకుంటూ తిరిగొచ్చింది.

ఆదివారం మేస్త్రి బానెట్ ఎత్తి, పంపు నట్టును వేలితో తడిమాడు. మూలలు అరిగిపోయి ఉన్నాయి.

"ఎవలు పట్టిన్రు దీన్ని?"

"నేనే," అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. "నువ్వు పట్టలే సారూ. నీకు పానా పట్టుడు నేర్పింది నేను."

అరవలేదు. రొట్టె మూట విప్పలేదు. పానాలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయాడు. అలిగాడు, తెగతెంపులు చేసుకున్నాడు అనుకున్నాను. నాకూ పౌరుషం వచ్చింది. బండి మీద టార్పాలిన్ కప్పేశాను. ఐదు నెలల్లో రెండుసార్లు పనిమీద తాండూరు పోయాను. ఆయన సందు మొదట్లో టీ తాగి తిరిగొచ్చాను కానీ లోపలికి పోలేదు. తప్పు నాది, అలక కూడా నాదే. ఒక్క మాట, 'అబద్ధం చెప్పాను మేస్త్రీ' అనే మాట, గంట రైలు ప్రయాణం దూరంలో ఉండి కూడా అనలేకపోయాను.

ఫోన్ పెట్టేసే ముందు ఆ అమ్మాయి అంది: "మొన్నటిదాంక అంటనే ఉండె సార్, వికారాబాద్‌ల ఒక బండి పని మిగిలిందని. సారు పిలుస్తడని."

వెళ్లి టార్పాలిన్ తీశాను. సీటు కింద చెయ్యి పెడితే నూనె గుడ్డ తగిలింది. లోపల పద్నాలుగు నంబరు పానా, కొంచెం కూడా తుప్పు లేకుండా. ఆయన తెగతెంపులు చేసుకోలేదు. పానా వదిలి, నేను పిలుస్తానని ఐదు నెలలు ఎదురుచూశాడు.

ఆమెకు ఫోన్ చేసి, దొరికింది, రేపు తెచ్చిస్తానని చెప్పాను. తర్వాత బానెట్ ఎత్తి, ఆయన నేర్పినట్టే పట్టుకుని, పానాను ఆ పంపు నట్టు మీద పెట్టి తిప్పాను. పట్టు దొరకలేదు. మూలలు పోయిన నట్టు మీద పానా ఊరికే తిరిగింది.