ఎత్తు బండి

బండి అంటే భయపడి ఆమె ఎక్కలేదని సత్తుపల్లిలో అందరికీ చెప్పింది నేనే. అది అబద్ధం.

అప్పటికి కొద్ది రోజుల ముందే నా పికప్ బండికి అడుగున స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు పెంచి, లారీ టైర్లు బిగించి, మూరెడు ఎత్తు లేపించాను. ముందు భాగాన పులి కళ్లు వేయించాను. జూలూరుపాడు దాటాక అడవి దారిలో ఒకతను చెయ్యెత్తాడు. పక్కన అతని భార్య, నిండు గర్భిణి, నొప్పులతో వంగిపోయి ఉంది.

"దవాఖానాకు పోవాలెనయ్యా, జల్దీ."

"వెనక ఎక్కండి," అన్నాను, స్టీరింగ్ వదలకుండా.

ఆమె కాలు అందలేదు. అతను చంకల కింద చేతులు వేసి ఎత్తబోతే నొప్పితో అరిచింది. చివరికి బురదలో మోకాళ్ల మీద వంగి, "నా వీపు మీద కాలు పెట్టి ఎక్కు," అన్నాడు.

"మొగని మీద కాలు పెట్టాల్నా? నాతోని కాదు," అని ఆమె నడక మొదలుపెట్టింది.

అతను లేచి చేతులు దులుపుకున్నాడు. "బండి మంచిగున్నదయ్యా. మనుషులకే అందలే," అని ఆమె వెనకే పోయాడు.

విప్పిన పాత చక్రాలు బండిలోనే ఉన్నాయి. ఒకటి దించి కింద వేస్తే మెట్టయ్యేది. తట్టలేదని చెప్పను. కొత్త చెప్పులతో బురదలో దిగబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు అదే దారిలో అతను ఒక్కడే ఎదురొచ్చాడు. బండి ఆపి, ఆమె ఎట్లా ఉందని అడిగాను.

"ఆ దినమే, దారిలనే పోయింది," అని, బండికి దారిచ్చి పక్కకు జరిగాడు.

తర్వాత బండి వెనక ఇనుప మెట్టు పెట్టించాను. ఎందుకని అడిగినవాళ్లకు అందం కోసమని చెప్పాను.