కొసరు గిన్నె

నా రెండు చెవులూ ఇంకా మండుతున్నాయి. ఈ వలెన్సియా ఊళ్ళో పుట్టినరోజు వచ్చిందంటే చెవులు దాచుకు తిరగాలని స్పెయిన్‌కి వచ్చేముందు నాకెవరూ చెప్పలేదు. ఎన్నేళ్ళు నిండితే అన్నిసార్లు చెవి పట్టుకు లాగుతారు. మా హోటల్ వంటింటికి పెద్ద పిలార్ అనే ఆవిడ. చేతులు ఎప్పుడూ వెల్లుల్లి వాసనేస్తుంటాయి. ఆవిడ పైకి లెక్కపెడుతూ నా ఇరవై అయిదేళ్ళూ లాగేసింది. గండం గడిచిందనుకుని నేను తల వెనక్కి తీసుకుంటూంటే, "ఆగు పిల్లా, ఇంకొకటి ఉంది. ఇది పెరగడానికి" అని మరొక్కసారి లాగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏప్రన్ జేబులో ఫోన్ తడిమి చూసుకున్నాను. మోగలేదు. బర్మాలో, మా యాంగోన్‌లో అప్పటికి సాయంత్రం కావస్తోంది.

ఆ ఫోన్ మోగాలి. మోగితే మా తమ్ముడు సూరి బతికి బయటపడ్డట్టు. మోగకపోతే ఏమిటన్నది పొద్దుటి నుంచీ నా బుర్ర రకరకాలుగా వంట చేసి నాకే వడ్డిస్తోంది. ఫోన్ చెయ్యాల్సింది సూరి కాదు, అప్పలమ్మ పిన్ని. ఆవిడ ఎవరో తెలియనివాళ్ళకి నా కంగారు సగమే అర్థమవుతుంది కాబట్టి ముందు ఆవిడ గురించి చెప్పాలి.

పిన్ని మాకు చుట్టం కాదు. యాంగోన్ లమ్మడా పేటలో మేము నాలుగో అంతస్తు, ఆవిడ అయిదో అంతస్తు, అంతే. ఆవిడ ముత్తాతా మా ముత్తాతా శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళే. వాళ్ళ నోట యాంగోన్ పేరు "రంగం". పిన్ని కూడా ఈనాటికీ రంగమనే అంటుంది. భర్త పోయాక వీధి మొదట్లో శనగపప్పు వడల బండి పెట్టుకుంది. బర్మా లుంగీ కట్టుకుని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, బర్మా వాళ్ళతో బర్మా భాషలో, మాతో తెలుగులో, గిట్టనివాళ్ళతో రెండింటిలోనూ తగువాడేది. వీధంతా ఆవిడని "డా అప్పల" అని పిలుస్తారు. పెద్దావిడని గౌరవించి అనే మాట ఆ డా. మాకు మాత్రం పిన్నే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. సూరి అప్పటికి రెండేళ్ళవాడు. నాన్న రేవులో క్రేను దగ్గర పని ముగించుకుని ఏ వేళకి వస్తాడో తెలిసేది కాదు. సాయంత్రం కరెంటు పోగానే నాకు గుండెల్లో రాయి పడేది. నాన్న ఎక్కిన బస్సు బోల్తా పడిందనీ, నాన్న నీళ్ళలో పడ్డాడనీ, ఇక రాడనీ అనిపించేది. మా ఊళ్ళో ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పైన గంట, కింద క్లిప్పు. పేపరువాడూ పాలవాడూ కింద నుంచి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంటివాళ్ళు తాడు చేదుకుంటారు. పిన్ని తాడు మా కిటికీ పక్క నుంచే పోయేది. ఒకరోజు ఏడుపు ఆపుకోలేక దాన్ని పట్టుకుని లాగేశాను.

"ఏటే గుంటా, ఏటయింది?" అని పైనుంచి కేక.

"నాన్న రాలేదు పిన్నీ. బస్సు పడిపోనాదేటో!"

ఓదారుస్తుందని చూశాను. తాడు చివర ఒక బుట్ట దిగింది. బుట్ట నిండా చిన్న చిన్న ఉల్లిపాయలు. "అవి ఒలిచీసి పంపు. రేపటి వడల్లోకి కావాలి. బస్సు పడితే ఎవడో ఒకడు వచ్చి చెప్తాడులే, నువ్వు ముందే ఎందుకు పడగొట్టీడం?" అంది. ఒళ్ళు మండింది నాకు. ఏడుస్తూనే ఒలిచాను. ఉల్లికి ఏడుస్తున్నానో నాన్నకి ఏడుస్తున్నానో కాసేపటికి నాకే తెలియలేదు. బుట్ట సగం కాకుండానే మెట్ల మీద నాన్న దగ్గు వినిపించింది. ఆ తరవాత ఎన్ని సాయంత్రాలు ఆ తాడు లాగానో! ఒక్కసారి కూడా "భయపడకమ్మా" అనలేదు ఆవిడ. ఉల్లిపాయలో, రాళ్ళేరాల్సిన పప్పో, ఏదో ఒకటి దింపేది. వంటపనికి నేను పుట్టానని పిలార్ అంటూంటుంది. నిజానికి నేను భయానికి పుట్టాను, వంట పిన్ని నేర్పింది.

పుట్టినరోజుల సంగతికి వస్తాను. నేను శనివారం పుట్టాను. మా బంధువుల్లో ఒకావిడ అవతలి ఒడ్డున ఉన్న దలా నుంచి పడవలో నది దాటి వచ్చినప్పుడల్లా నన్ను చూసి నిట్టూర్చేది. "శనారం పిల్ల. తల్లిని తినీసింది" అని ఒకసారి నాన్నతో నా ఎదటే అనేసింది. నాన్న తలొంచుకున్నాడు. ఆ మాట పిన్ని చెవిన పడింది. కోపం లోపలే ఉంచుకుని, ఆ బంధువుకి వడలు కూడా పెట్టి నవ్వుతూ సాగనంపింది. నా పుట్టినరోజు రాగానే మాత్రం బండి మూసేసి, నా జబ్బ పట్టుకుని పగోడాకి లాక్కుపోయింది. బర్మా వాళ్ళకి పుట్టిన తేదీ కంటే పుట్టిన వారం ముఖ్యం. పగోడా చుట్టూ వారానికొక మూల, ఆ మూలన ఒక చిన్న బుద్ధుడు, కింద ఆ వారానికి చెందిన జంతువు ఉంటాయి. ఎవరి మూలన వాళ్ళు, ఎన్నేళ్ళుంటే అన్ని గిన్నెల నీళ్ళు ఆ విగ్రహాల మీద పోస్తారు. శనివారం మూలన పడగ విప్పిన నాగరాజు ఉన్నాడు. నేను జడుసుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎక్కడికెల్తావు? ఈ మూల నీది. శనారం పుట్టినోలకి ఇక్కడ నాగరాజు కాపలా. పాముకి బయపడాల్సింది నీ ఎదటోలు, నువ్వు కాదు. పొయ్యి!"

పోశాను. గిన్నెలన్నీ అయ్యాక పిన్ని మరో గిన్నె నిండా ముంచి నా చేతికిచ్చింది.

"అయిపోనాయి కదా పిన్నీ, ఇదేటి?"

"ఇది కొసరు. వచ్చే ఏడాదిది."

"వచ్చే ఏడాదికి నేను లేకపోతే?"

నేనలాంటిదాన్నే మరి, పన్నెండేళ్ళకే అలాంటిదాన్ని. పిన్ని నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. పక్కన నీళ్ళు పోస్తున్న వాళ్ళంతా తిరిగి చూశారు. "నోరు ముయ్యి. నా దగ్గర వడలు కొన్నోడికి కొసరెందుకేస్తాను? ఆడు రేపు వస్తాడో రాడో అని లెక్కలేసుకుని మానేస్తానేటి? కొసరేస్తాను కాబట్టే ఆడు రేపొస్తాడు. అంతే. పొయ్యి!" అంది. అంతకంటే పెద్ద వేదాంతం నేను ఆ తరవాత ఎక్కడా వినలేదు. పోశాను. ఇంటికొచ్చాక ఆవిడ ఇంత గుండిగ పొయ్యి మీదికెక్కించి కొబ్బరిపాల ఖౌస్వే వండింది, అంటే చిక్కటి కోడి పులుసు పోసిన నూడుల్స్. మా మెట్లదారిలో ఉన్న అన్ని ఇళ్ళకీ గిన్నెలు నాచేతే పంపించింది. పుట్టినరోజు నాడు మనకి ఎవరో పెట్టాలని ఎదురుచూడకూడదు, మనమే పదిమందికి పెట్టాలి. బర్మాలో అంతే. తమాషా ఏమిటంటే స్పెయిన్‌లోనూ అంతే. ఇవాళ మా వంటింటి వాళ్ళందరికీ నేనే ఆ ఖౌస్వే వండాను. ఉల్లిపాయలన్నీ నేనే ఒలిచాను, పిలార్ సాయం వస్తానంటే వద్దన్నాను.

నాన్న పోయిన మరుసటి ఏడాది నాకు ఇక్కడ ఉద్యోగం దొరికింది. సూరి అప్పటికి ఇంకా బళ్ళో ఉన్నాడు. వాణ్ణి వదిలి ఎలా వెళ్ళనని నేను నాన్చుతూ కూర్చున్నాను. పిన్ని పప్పు రుబ్బుతూ తలైనా ఎత్తకుండా, "ఆడికి నేనున్నాను. నువ్వెల్లు. ఇద్దరూ ఇక్కడే ఉండి ఒకల మొకం ఒకలు చూసుకుంటే ఏటొస్తాది?" అంది. బయల్దేరే రోజు ఏడవలేదు. నా చెవి ఒకసారి మెలిపెట్టి, "రోజూ ఫోన్ చేసి ఏడవకు, నా వడలు మాడిపోతాయి" అంది. కానీ ప్రతి ఏడాదీ నా పుట్టినరోజున, మోకాళ్ళ నొప్పులతోనే పగోడా మెట్లెక్కి, నా వంతు నీళ్ళు నాగరాజుకి పోసి, కొసరుతో సహా పోశానని చెప్పేది. చదవడం రాదు కనక మాట రికార్డు చేసి పంపేది. వెనకాల నీళ్ళ చప్పుడు వినిపించేది.

ఈ ఏడాది మా పేట వార్డు ఆఫీసులో చీట్లు తీశారు. చీటీలో పేరు వచ్చిన కుర్రాడు ఇష్టం ఉన్నా లేకపోయినా సైన్యంలో చేరాలి. సూరి పేరు వచ్చింది. వాడు చీమని కూడా తొక్కడు, ఇంట్లో బల్లిని చూస్తే నన్ను పిలిచేవాడు. ఆ కబురు విన్నరోజు హోటల్ స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తా మీద కూర్చుని లేవలేకపోయాను. పిన్ని ఎవరితో మాట్లాడిందో, ఏం చేసిందో నాకు పూర్తిగా తెలియదు, అడగకూడదు కూడా. ఫోన్లో అన్నీ చెప్పుకునే రోజులు కావు. పోయిన వారం మాత్రం ఇలా అంది:

"మీ తమ్ముడు చుట్టాలింటికి ఎల్తన్నాడు. దూరం. నీ పుట్టిన్రోజుకి చేరిపోవాలి."

మాకు దూరాన ఎక్కడా చుట్టాల్లేరు. ఆ దూరం సరిహద్దు అవతలిది.

"చేరేడని నాకెలా తెలుస్తాది పిన్నీ?"

"చేరితే నీ పేరున నీళ్ళు పోస్తాను. లేదనుకో, నాకు పగోడాకెల్లే తీరికెక్కడిది?"

"వార్డోలు వచ్చి నిన్ను అడిగితే?"

"అడగనీ. వడలెట్టి పంపిస్తాను" అంది. నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. దలా బంధువుకి వడలు పెట్టి పంపినప్పటి నవ్వు అది.

అదీ సంగతి. అందుకే చెవులు మండుతున్నా, అందరూ పాట పాడుతున్నా నా చెయ్యి ఏప్రన్ జేబులోంచి బయటికి రాలేదు. మధ్యాహ్నం భోజనాల రద్దీ నడిచింది. రెండుసార్లు ఉప్పు వెయ్యడం మరిచిపోయాను, ఒకసారి రెండింతలు వేశాను. పిలార్ నన్ను తేరిపారా చూసి ఆ వంటకాలు తనే సరిచేసింది. యాంగోన్‌లో కరెంటు ఉంటే నెట్ ఉండదు, నెట్ ఉంటే కరెంటు ఉండదు, అంతే అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. పగోడా మూసేసే వేళ కూడా దాటిపోతోందేమోనని లెక్క వేసుకున్నాను. బస్సును మళ్ళీ పదిసార్లు నేనే బోల్తా కొట్టించాను. ఇక్కడ లాగడానికి తాడు లేదు. చివరికి స్టోర్‌లోంచి ఉల్లిపాయల గోనె లాక్కొచ్చి, రేపటివి కూడా ఒలవడం మొదలుపెట్టాను.

గోనె అడుగంటుతూండగా ఫోన్ కదిలింది. చేతులు తుడుచుకోకుండానే తీశాను. పిన్ని గొంతు కాదు, ముందు నీళ్ళ చప్పుడు. రాతి మీద గిన్నె తరవాత గిన్నె. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. చేరాడు. సూరి చేరాడు! పిలార్ పరుగున వచ్చింది. ఏమీ లేదని చెయ్యి ఊపి, ఫోన్ చెవికి అదుముకున్నాను. నీళ్ళ చప్పుడు ఆగింది. పిన్ని ఆయాసపడుతోంది.

"విన్నావా గుంటా? నీ యేళ్ళన్నీ పోసీసేను. మనసు కుదుటపడ్డాదా? ఇప్పుడు నేను చెప్పింది విను. కొన్నాళ్ళు నాకు ఫోన్ సెయ్యకు. మన ఈధిలోకి మనుషులు వస్తన్నారు, పోతన్నారు. నాకేటీ అవదు, ముసలిదాన్ని, ఏటి చేస్తారు? నువ్వు ముందే బస్సులు పడగొట్టకు. ఆఁ, ఇంకోటి. కొసరు గిన్నె పొయ్యలేదు. ఈసారి దాన్ని నేను ముట్టుకోలేదు. అది నువ్వే వచ్చి పొయ్యాల."

అంతే. ఆ తరవాత ఎవరో దగ్గిన చప్పుడు, పగోడా గాలిగంటలు, ఆగిపోయింది.

మళ్ళీ మళ్ళీ విన్నాను. నాకు సంతోషంగా ఉంది, ఆ మాట దాచుకోను. మా తమ్ముడు ఈ పూట ఎవరింట్లోనో అన్నం తింటున్నాడు. కానీ నా భయం ఊరికే పోలేదు, అయిదో అంతస్తు ఎక్కి పిన్ని పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ నన్నూ సూరినీ పట్టుకున్న ఆ తాడు పైకొసన ఒక్కతే ఉంది ఆవిడ. ఆవిడ గంట కొడితే బుట్ట దింపేవాళ్ళు ఎవరు? ఈ ప్రశ్న ఇవాళంతా నన్ను తింటుంది, రేపూ తింటుంది.

పిలార్ నా పక్కన నేల మీదే కూర్చుని, గోనెలో మిగిలిన ఉల్లిపాయలు తనూ ఒలవడం మొదలుపెట్టింది. నా చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇక్కడివాళ్ళు నా కొసరు చెవి లాగి ఇచ్చేశారు. అక్కడిది మాత్రం నాగరాజు దగ్గర అలాగే ఉంది. ఎప్పుడు వెళ్ళగలనో, అసలు వెళ్ళనిస్తారో లేదో నాకు తెలియదు. కానీ కొసరు మిగిల్చిందంటే పిన్ని నన్ను రమ్మన్నట్టే. ఆ గిన్నె పోయడానికి నేను వెళ్ళాలి. నేను వెళ్ళేదాకా ఆవిడ ఉండాలి.